దల్సూ దొరగారి టోపీ

లిఫ్టు బాగుచేసేవాళ్ళు గంటన్నర పడుతుందన్నారు. పదకొండో అంతస్తు దాకా మెట్లెక్కే మోకాళ్ళు కావు జూహీవి. చేతిలో కూరల సంచి, అందులో ఒక ముల్లంగి దుంప. సముద్రం మీంచి వచ్చే డిసెంబరు గాలి చెవులు కోసేస్తోంది. చేసేదేమీ లేక, భవనాల మధ్య ఉన్న చిన్న గ్రంథాలయం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆ గ్రంథాలయం పెట్టి ఆరేళ్ళయింది. ఆవిడ అందులో అడుగు పెట్టడం అదే మొదటిసారి.

బల్ల దగ్గర కూర్చున్న లైబ్రేరియన్ ప్యో లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. ఊలు టోపీ, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు.

"రండమ్మా. హీటరు పక్కన కూర్చోండి."

"పుస్తకాల కోసం రాలేదు బాబూ. లిఫ్టు చెడిపోతే వచ్చాను."

"సగం మంది అందుకే వస్తారండీ. మిగతా సగం మంది బాత్రూమ్ కోసం," అన్నాడు ప్యో. తర్వాత కాసేపు తటపటాయించి, ఒక పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "ఇది పోయిన నెల వచ్చింది. మన తోంగ్యంగ్ ఊరి కథే. రెండొందల ఏళ్ళ కిందటిది. రాసినావిడకి ఇదే మొదటి నవల. ఇంతవరకూ ఒక్కరూ ముట్టుకోలేదు. ఊరికే నాలుగు పేజీలు తిరగేయండి, నా తృప్తి కోసం."

జూహీ అట్ట వెనక చూసింది. రచయిత్రి ఫోటో లేదు. బడిలో పిల్లలకి మధ్యాహ్నం వంట చేస్తుందనీ, ఇదే తన మొదటి పుస్తకమనీ రెండు ముక్కలు మాత్రం ఉన్నాయి. వంటమనిషి నవల రాయడమేమిటని జూహీకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మొదటి పేజీ తెరిచింది.

బావు అనే పదేళ్ళ కుర్రాడు వెదురు చీలుస్తున్నాడు. వెంట్రుక కన్నా సన్నగా చీల్చాలి. చీల్చి చీల్చి వాడి బొటనవేలి గోరు పక్కకి తిరిగిపోయింది. ఎదురుగా అదే వయసు దల్సూ గుర్రపు వెంట్రుకలతో టోపీ బుర్ర అల్లుతున్నాడు. అంచు అల్లేది బావు, బుర్ర అల్లేది దల్సూ. రెండూ కలిస్తేనే దొరల టోపీ. ఇద్దరికీ అమ్మా నాన్నా లేరు. ఒకే చాప మీద పడుకుంటారు, ఒకే గిన్నెలో బార్లీ అన్నం తింటారు. మూడో పేజీలో దల్సూ అడుగుతాడు: "ఒరే బావూ, మన చేతుల్లో పుట్టిన టోపీ మన తల మీదికి ఎందుకు రాదురా?"

లిఫ్టు బాగయిందని కాపలాదారు వచ్చి చెప్పినా జూహీ లేవలేదు. నలభై రెండో పేజీ దగ్గర ప్యో దగ్గరికొచ్చి, "ఇంటికి తీసుకెళ్ళొచ్చండీ, కార్డు రాసిస్తాను," అనేదాకా ఆవిడకి తనెక్కడుందో తెలియలేదు.

*

ఇంటికి తీసుకెళ్ళాక ఆ పుస్తకం ఆవిడ రోజుకి ఒక రూపమిచ్చింది. భర్త పోయి నాలుగేళ్ళయింది. ఆయన సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి మేనేజరుగా దిగాడు. పిల్లలు లేరు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆఫీసర్ల భార్యలు నెలకోసారి భోజనానికి పిలిచేవారు. రిటైరయ్యాక రెండు నెలలకోసారి అయింది. పోయాక పూలదండ పంపి ఊరుకున్నారు. ఇప్పుడు ఫోన్ మోగితే ఇన్సూరెన్సు వాళ్ళో, రాంగ్ నంబరో. కొన్నాళ్ళు రాంగ్ నంబరు వాళ్ళతో కూడా కాస్త నెమ్మదిగా మాట్లాడి చూసింది జూహీ. వాళ్ళకి తీరిక ఉండేది కాదు.

ఇప్పుడు పొద్దున్నే తిన్న గిన్నెలు కడిగేసి, బాల్కనీ అద్దం పక్కన కుర్చీ వేసుకుని ఒక అధ్యాయం. మధ్యాహ్నం ఒకటి. అంతకు మించి చదవకూడదని తనకి తానే ఆంక్ష పెట్టుకుంది, అయిపోతుందేమోనన్న భయంతో. పెట్టుకున్న ఆంక్షని రోజూ తప్పింది. ఒకరోజు పొయ్యి మీద అన్నం మాడి, పక్కింటివాళ్ళు తలుపు కొట్టేదాకా తెలియలేదు.

నవల మధ్యలో ఒక చోట పనిశాల పెద్ద ఊరెళ్తే బావు, దల్సూ కొట్టుగది తాళం తీసి, సైన్యాధికారి కోసం చేసిన టోపీ తలకి పెట్టుకుంటారు. ఒకరి తర్వాత ఒకరు దొర అవుతారు. "ఏమోయ్, మీ పొలాల్లో పంటెలా ఉంది?" అంటాడు బావు గొంతు మార్చి. "పంటదేముందోయ్, నా తలలో పేలే బాగా పండాయి," అంటాడు దల్సూ. ఇద్దరూ వంగి దణ్ణం పెట్టుకోబోతే టోపీ జారి జిగురు కుండలో పడుతుంది.

జూహీ ఫక్కున నవ్వింది. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఆ ఇంట్లో ఎవరైనా గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

అప్పట్నుంచి ఆవిడ వాళ్ళతో మాట్లాడడం మొదలుపెట్టింది. "ఒరేయ్, ఆ మాట నమ్మకురా," అని బావుని హెచ్చరించేది. "నీ ఎత్తులు నాకు తెలీవూ," అని దల్సూని దెప్పేది. దల్సూ పనిశాల వదిలి ఉప్పు వ్యాపారి దగ్గర చేరాడు. పడవలు కొన్నాడు. డబ్బు చేతికొచ్చాక చితికిపోయిన ఒక దొరల కుటుంబం దగ్గర వంశవృక్షమే కొనేశాడు. ఏడు తరాల తాతముత్తాతలు ఒక్క రోజులో వచ్చి అతని పేరు వెనక నిలబడ్డారు. ఇక బావు రోజూ పనిశాల గుమ్మం వైపు చూడడమూ, ప్రతి అడుగుల చప్పుడుకీ తల ఎత్తడమూ చదివి జూహీ, "వాడిక రాడురా," అంది.

ఆ వారం గడువు పొడిగించుకోడానికి గ్రంథాలయానికి వెళ్ళింది.

"ఎలా ఉందండీ?" అడిగాడు ప్యో ఆత్రంగా.

"ఈ వంటావిడ నన్ను ఎక్కడో చూసింది బాబూ. ఆ బావు అచ్చం నేనే. ఒకప్పుడు నాతో కలిసి తిన్నవాళ్ళు ఇవాళ దారిలో కనబడితే బస్సు నంబరు చూస్తున్నట్టు తల తిప్పుకుంటారు."

"నాకైతే దల్సూ మీద జాలేసిందండీ."

"జాలా! వాడి మీదా!" జూహీకి నిజంగానే కోపం వచ్చింది. "మీరు చిన్నవాళ్ళు. మీకు అలా జరగలేదు గనక అలా అంటారు."

"మీరు పదిహేడో అధ్యాయం చదివారా?"

"ఇంకా రాలేదు."

"అయితే నేనేం చెప్పను," అని ప్యో నోటికి తాళం వేసుకున్నట్టు సైగ చేశాడు.

*

పదిహేడో అధ్యాయంలో బావుని పెద్దింటికి పిలిపిస్తారు. కొత్తగా వచ్చిన దొరగారికి టోపీ కావాలి, ఊళ్ళో బావుని మించిన పనివాడు లేడు. కొలత తీసుకోడానికి పురికొస పట్టుకుని వెళ్తాడు. దొర తల వంచి కూర్చుంటాడు. బావు వేళ్ళకి జుట్టు కింద ఒక మచ్చ తగులుతుంది. చిన్నప్పుడు వెదురు మోపు మీంచి ఇద్దరూ కలిసి పడినప్పుడు అయిన దెబ్బ అది. బావు చెయ్యి ఆగిపోతుంది. "దల్సూ," అంటాడు, ఊపిరి పీల్చినంత మెల్లగా.

దొర తల ఎత్తకుండానే అంటాడు: "ఎవరినో అనుకుని పొరబడ్డట్టున్నావు."

జూహీ పుస్తకం బోర్లా పెట్టి లేచింది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగింది. గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది.

ఆ మాట ఆవిడదే. దేశంలో ఒలింపిక్స్ జరిగిన ఏడాది, రేవు దగ్గర కొత్తగా పెట్టిన బేకరీలో, నలుగురు ఆఫీసర్ల భార్యల ముందు, ఆవిడే అంది.

జూహీ పుట్టినప్పటి పేరు మంగ్నే. అయిదో ఆడపిల్ల. ఇదే ఆఖరు కావాలని తాతగారు పెట్టిన పేరు. పదిహేడేళ్ళకే ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో చేరింది. అక్కడ పక్క బల్ల పిల్ల పేరు పిల్నమ్. ఈసారి తప్పకుండా మగపిల్లాడే అని దాని అర్థం. "నువ్వొచ్చి తలుపు మూశావు, నేనొచ్చి తలుపు తట్టాను, ఏమైనా లోపలికి మగాడు రాలేదే," అని పిల్నమ్ ఏడిపించేది. ఏడేళ్ళు ఒకే గదిలో అద్దెకున్నారు. ఒకే కోటు వంతులవారీగా వేసుకున్నారు. సినిమా హాల్లో ఒకే టిక్కెట్టు మీద ఇద్దరూ దూరిపోయి పట్టుబడ్డారు. తర్వాత బ్యాంకు గుమాస్తా సంబంధం వచ్చింది. అతగాడికి భార్య పేరు నచ్చలేదు. కోర్టుకి అర్జీ పెట్టి జూహీ అని మార్పించాడు. అతనొక్కడే మార్పించాడని చెప్పుకుంటూ వచ్చింది గానీ, ఆ కాగితం చేతికొచ్చిన రోజు అద్దం ముందు నిలబడి ఆ పేరుతో తనని తాను పదిసార్లు పిలుచుకున్నది ఆవిడే.

బేకరీలో ఆరోజు జిల్లా మేనేజరు భార్య కాఫీ ఇప్పిస్తోంది. తలుపు గంట మోగింది. రబ్బరు బూట్లతో, ఆల్చిప్పల నీచు వాసనతో పిల్నమ్ లోపలికొచ్చింది. కొడుకు పుట్టినరోజుకి కేకు కొనడానికి. చూసింది. మొహమంతా నవ్వయిపోయింది. "మంగ్నే! ఒసేయ్ మంగ్నే!" అని గట్టిగా పిలిచి, బల్ల దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"మీరెవరినో అనుకుని పొరబడ్డట్టున్నారు," అంది జూహీ. "నా పేరు మంగ్నే కాదు."

పిల్నమ్ ఒక్క క్షణం చూసింది. చెయ్యి తీసేసింది. "క్షమించండి, అచ్చం మా స్నేహితురాల్లా ఉంటేనూ," అని వంగి దణ్ణం పెట్టి, కేకు పెట్టె కట్టించుకుని వెళ్ళిపోయింది. జిల్లా మేనేజరు భార్య ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఈమధ్య బేకరీలోకి అందరూ వచ్చేస్తున్నారు," అంది. జూహీ అందరితో పాటూ నవ్వింది.

అప్పటికి పదకొండేళ్ళయింది పెళ్ళయి. ఇప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళయింది ఆ మాట అని. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో పిల్నమ్ సంతలో రెండు మూడుసార్లు దూరంగా కనబడింది. ప్రతిసారీ జూహీయే పక్క సందులోకి తిరిగింది. బస్సు నంబరు చూస్తున్నట్టు తల తిప్పుకున్నది మొదట తనేనని ఇన్నాళ్ళూ గుర్తు రాకపోవడం ఆవిడకే ఆశ్చర్యంగా ఉంది. గుర్తు లేక కాదు. అది ఒక పెట్టెలో, ఆఫీసర్ల భార్యల మీద ఫిర్యాదులు ఇంకొక పెట్టెలో పెట్టుకుంది. వంటావిడ వచ్చి రెండూ ఒకే చోట కుమ్మరించింది.

రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు మునుపటికన్నా పెద్దదిగా కనిపించింది. మూడో రోజు ఉండబట్టలేకపోయింది. ఇప్పుడు చదవడం వేరుగా ఉంది. మునుపు బావు పక్కన కూర్చుని చదివేది, ఇప్పుడు దల్సూ వెనక నిలబడి చదువుతోంది. అయినా, చెప్పడానికి సిగ్గేసినా, ఇంకా బాగుంది. దల్సూ కొత్త టోపీ పెట్టుకుని మొదటిసారి వీధిలో నడిచే చోట, ఎండలో ఆ అంచు నీడ బుగ్గల మీద వల పరిచినట్టు పడిందని రాసింది వంటావిడ. జూహీ ఆ వాక్యాన్ని పైకి చదివింది, రెండుసార్లు. అవమానం పడ్డ బావు ఆ టోపీని తన జీవితంలోనే గొప్ప పనిగా ఎందుకు చేశాడో ఎక్కడా రాయలేదు. చేశాడంతే.

చివరి అధ్యాయంలో బావు దగ్గుతో చనిపోతాడు. కబురు పెద్దింటికి వస్తుంది, భోజనం వేళ. "టోపీల బావు పోయాడట దొరా," అంటాడు నౌకరు. దల్సూ అడుగుతాడు: "ఎవరతను?" నౌకరు చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపి, అన్నం చల్లారకముందే తినేస్తాడు. నవల అక్కడ అయిపోయింది.

జూహీ పేజీ తిప్పింది. ఖాళీ కాగితం. ఇంకొకటి తిప్పింది. "ఇదేమిటమ్మా, ఇలా వదిలేశావు," అంది వంటావిడతో. దల్సూకి ఒక కన్నీటి చుక్కైనా ఇస్తుందనుకుంది. లేకపోతే ఒక శిక్ష. రెండూ ఇవ్వలేదు. ఒక ముద్ద తర్వాత ఒక ముద్ద తినమని వదిలేసింది.

మర్నాడు పుస్తకాల కొట్టుకి వెళ్ళి ఇంకో ప్రతి కొంది. రంగు కాగితం చుట్టించింది.

*

పిల్నమ్ ఎక్కడ పని చేస్తుందో జూహీకి ఎప్పుడూ తెలుసు. బస్సు దిగితే ఎదురుగా ఆల్చిప్పల గుట్ట, ఆ గుట్ట వెనక రేకుల షెడ్డు. లోపల ముప్పై మంది ఆడవాళ్ళు బల్లల వెంట వరసగా నిలబడి ఉన్నారు. రేడియోలో పాట గట్టిగా మోగుతోంది. కత్తి చిప్పలోకి దిగే చప్పుడు ఎడతెరిపి లేకుండా వినిపిస్తోంది. మంచి కోటుతో, కాగితం చుట్టిన పుస్తకంతో గుమ్మంలో నిలబడ్డ జూహీని చూసి దగ్గర్లో ఉన్నావిడ, "మత ప్రచారమైతే భోజనాలయ్యాక రండమ్మా," అంది.

"పిల్నమ్ కోసం వచ్చాను."

"పిల్నమ్ అక్కా! నీ కోసం ఎవరో బ్యాంకావిడ వచ్చింది. అప్పు ఎగ్గొట్టావా?"

ఆ చివర బల్ల దగ్గర పొట్టిగా, గుండ్రంగా ఉన్న ముసలావిడ తల ఎత్తింది. కత్తి ఆగలేదు. కళ్ళు చికిలించి చూసి, "ఓరి నా తల్లో! మంగ్నే! ఒసేయ్, ఎంత ముసలిదానివయ్యావే!" అంది.

"నువ్వేమన్నా పడుచుదానివా," అంది జూహీ. ఆ గొంతు తనదేనా అనిపించింది. నలభై ఏళ్ళుగా ఆ యాసలో మాట్లాడలేదు.

"రా, ఇక్కడ నిలబడు. ఆగకూడదు, పదకొండు గంటలకి తూకం. ఆ చేతిలో ఏమిటే? పెళ్ళి పిలుపా?"

"పుస్తకం. నీకోసమే. నవల."

బల్ల పొడుగునా నవ్వులు. "పిల్నమ్ అక్కకి నవలట! మందు సీసా మీద అక్షరాలే మాచేత చదివించుకుంటుంది."

"నోళ్ళు మూయండే. కళ్ళు కనబడవు గానీ చెవులు వినబడతాయి. చెప్పవే మంగ్నే, ఏం కథది? ఈ రేడియోవాడు పొద్దుట్నుంచి ఒకటే పాట వేసి చంపుతున్నాడు."

రేడియో ఆపేశారు. జూహీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, వెదురు చీల్చడం దగ్గర మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ మాట కుదురుకుంది. పేలు పండిన దొర దగ్గర షెడ్డంతా గొల్లుమంది. వంశవృక్షం కొన్నచోట ఒకావిడ, "మా ఆడపడుచు మొగుడిదీ అలాంటిదే, ఆ తాతలందరూ కొన్నవాళ్ళే," అంది. కొలత తీసే చోటికి వచ్చేసరికి కత్తుల చప్పుడు పలచబడింది. దల్సూ అన్న మాట చెప్తుంటే జూహీ గొంతు వణికింది. కథ బాగా చెప్తోందనుకున్నారు.

"వాడి మొహం మండ!" అంది ఒకావిడ.

"టోపీ కావాలన్నాడుగా, సరైన టోపీ పెట్టి ఉండాల్సింది బావు," అంది ఇంకొకావిడ. మళ్ళీ నవ్వులు.

పిల్నమ్ నవ్వలేదు. కత్తి గట్టిగా దింపి చిప్ప తెరిచి, "అలాంటివాణ్ణి పడవలో తీసుకెళ్ళి నడిసముద్రంలో తోసెయ్యాలి," అంది. "కలిసి తిన్నవాడు కదే! ఒక చాప మీద పడుకున్నవాడు! అలాంటి వాళ్ళు మనుషులు కారు. నాకెదురైతే మొహాన ఉమ్మేద్దును."

జూహీ ఆవిడ మొహంలోకి చూసింది. తనని ఉద్దేశించి అందేమోనని వెతికింది. అలాంటిదేమీ లేదు. దల్సూ మీద వచ్చిన కోపం దల్సూ మీదే ఉంది. అందరూ తిడుతున్నారు గనక జూహీ కూడా తల ఊపింది. ముప్పై మంది మధ్య నిలబడి ఉన్నా, ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పటికన్నా ఒంటరిగా అనిపించింది.

తూకం అయ్యాక ఇద్దరూ షెడ్డు బయట, ఎండపొడ పడేచోట బోర్లించిన డబ్బాల మీద కూర్చున్నారు. పిల్నమ్ చేతి తొడుగులు తీసి, పొగలు కక్కే కాఫీ కాగితం కప్పుల్లో తెచ్చింది.

"పిల్నమ్, ఆ దల్సూ నేనే," అంది జూహీ.

"ఆఁ?"

"ఒలింపిక్స్ ఏడాది. రేవు దగ్గర బేకరీ. నువ్వు నన్ను పిలిచి భుజం మీద చెయ్యి వేశావు. ఎవరినో అనుకుని పొరబడ్డారన్నాను. ఆ ఆడవాళ్ళ ముందు. దానికోసమే వచ్చాను. నన్ను..."

పిల్నమ్ కాఫీ ఊదుకుంటూ ఆలోచించింది. "బేకరీ గుర్తుంది. మా రెండోవాడి కేకు. బస్సులో ఎవడో దాని మీద కూర్చున్నాడు. చెంచాతో తిన్నాం, బాగా ఏడిచాడు వాడు. నువ్వున్నావా అక్కడ?"

"ఉన్నాను. నువ్వు నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయావు."

"ఏమోనే. గుర్తు లేదు. ఆ ఏడాదే మా ఆయన పడవ మునిగింది. ఆ తర్వాత అత్తగారికి పక్షవాతం. ఎవరు పలకరించారో, ఎవరు పలకరించలేదో చూసుకునే తీరిక ఎవరికుంది." జూహీ మొహం చూసి నవ్వింది. "నువ్వు దొరవా! ఛ, పోవే. బ్యాంకు గుమాస్తా పెళ్ళానివి."

జూహీ కాఫీ కప్పు నేల మీద పెట్టింది.

"నాకు నీ గురించి ఏం గుర్తుందో చెప్పనా," అంది పిల్నమ్. "ఆ చలికాలం నా చేతులు వాచిపోయి కత్తి పట్టలేకపోతే నెల రోజులు నా బుట్ట కూడా నువ్వే నింపావు. మేస్త్రీకి తెలియకుండా. ఇప్పటికీ మా కోడళ్ళకి చెప్తుంటాను, మంగ్నే అని ఒకతి ఉండేదని."

జూహీ ఎంత తవ్వుకున్నా ఆ చలికాలం దొరకలేదు. వాచిన చేతులూ లేవు, బుట్టా లేదు. జూహీ మర్చిపోయినదాన్ని పిల్నమ్ దాచుకుంది, జూహీ దాచుకున్నదాన్ని పిల్నమ్ పారేసుకుంది. ఒకే గదిలో ఏడేళ్ళున్నవాళ్ళ చేతుల్లో ఇప్పుడు ఇద్దరికీ కలిసిన వస్తువు ఒక్కటీ లేదు.

వ్యాను హారన్ కొట్టింది. కోడలు వచ్చింది, ఇవాళ నాలుగిళ్ళవాళ్ళు కలిసి క్యాబేజీ పచ్చడి పెట్టుకుంటున్నారట. పిల్నమ్ లేచి నడుం రుద్దుకుంది. పుస్తకం తిరిగి జూహీ ఒళ్ళో పెట్టింది. "నాకెందుకే ఇది, పాడైపోతుంది. నువ్వే ఉంచుకో. కథ మాత్రం బాగుంది. చెప్పావు కూడా బాగా." లోపలికి వెళ్ళి, ఒలిచిన ఆల్చిప్పలు సంచి నిండా నింపి తెచ్చి చేతిలో పెట్టింది. "ఇంట్లో ఎంతమందే మీరు?"

"ఇద్దరం ముగ్గురం ఉంటాం," అంది జూహీ.

"అయితే సరిపోతాయి. వెళ్ళొస్తానే. జాగ్రత్త."

వ్యాను ఆల్చిప్పల గుట్ట చుట్టూ తిరిగి కనుమరుగయ్యేదాకా చూసింది జూహీ. వ్యానులో ఆడవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, అద్దాలు మూసి ఉన్నా చేతుల ఊపు కనిపించింది.

బస్సులో సంచిలోంచి చల్లటి నీళ్ళు కారి కోటు తడిసింది. ఆవిడ పట్టించుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక మనిషి గుండెలో ముల్లులా ఉన్నానని భయపడింది. భయమని అనుకుంది గానీ, అందులో ఒక ధైర్యం కూడా ఉండేదని ఇప్పుడు తెలిసింది. ముల్లుగానైనా ఎక్కడో ఒకచోట ఉన్నాననే ధైర్యం. పిల్నమ్ ఎంతో తేలిగ్గా, ఏ కోపమూ లేకుండా, దాన్ని తీసి పారేసింది.

ఇంటికొచ్చి ఆల్చిప్పలు కడిగి, ముల్లంగి తురుముతో కలిపి అన్నం వండుకుంది. చాలా రుచిగా ఉంది. అంత బాగుందని ఎవరితోనైనా అనాలనిపించింది.

*

ఆ చలికాలం ఇంకో రెండుసార్లు షెడ్డుకి వెళ్ళింది. ఒకసారి పిల్నమ్ రాలేదు, చిన్నకోడలి కాన్పుకి వెళ్ళిందట. రెండోసారి ఉంది గానీ తూకం తొందరలో ఉంది. "ఇంకో కథ తెచ్చావా?" అని అడిగింది. లేదంటే, "అయ్యో," అని మళ్ళీ కత్తి పట్టుకుంది. మేలో ఆల్చిప్పల కాలం అయిపోయి షెడ్డు మూసేశారు.

జూహీ నవలని మరో రెండుసార్లు చదివింది. మూడోసారి చదివేటప్పుడు తెలిసింది, దల్సూ అన్నం తినే ఆ చివరి పేజీలో పచ్చళ్ళు ఏమేమి ఉన్నాయో అన్నీ రాసిన వంటావిడ, అతను వాటిల్లో ఒక్కదాన్ని కూడా ముట్టుకున్నట్టు రాయలేదు. ఉత్త అన్నమే తింటాడు. అది కనిపెట్టినందుకు ఆవిడకి ఎంత ఆనందమేసిందంటే, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా లిఫ్టెక్కి కిందికి దిగింది.

ప్యో పుస్తకం తీసి ఆ పేజీ చూశాడు. మళ్ళీ చూశాడు. "అవునండీ! నేను గమనించనే లేదు!" అన్నాడు. ఇద్దరూ కాసేపు ఆ పేజీ మీద వంగి కూర్చున్నారు. తర్వాత ఎవరో ప్రింటరు పనిచేయడం లేదని పిలిస్తే ప్యో లేచాడు.

"ఈవిడ ఇంకో పుస్తకం రాసిందా బాబూ?" అని అడిగింది జూహీ.

"ఇంకా లేదండీ. మొన్న పేపర్లో వేశారు. పగలు వంట, సెలవుల్లో రాత. దీనికి తొమ్మిదేళ్ళు పట్టిందట."

"తొమ్మిదేళ్ళా!" జూహీ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అప్పటికి నాకు డెబ్భై అయిదు దాటిపోతాయి."

"ఉంటారు లెండి."

"ఉండాలి మరి," అంది జూహీ. పుస్తకాన్ని దాని చోట సరిగ్గా పెట్టి, పైకి వెళ్ళడానికి లిఫ్టు బటన్ నొక్కింది.